నలభై ఒక్క గొర్రెల ఎక్స్ఎంఎల్ రిపోర్టు

ఇకమీదట మన ప్రాంతంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా అది మూడు సెకన్లలో ప్రభుత్వానికి తెలిసిపోతుందని, నాలుగో సెకనుకు కూడా తెలియకపోతే ఆ కష్టం నిజమైనది కాదని భావించాలని నివేదికల శాఖ మంత్రిగారు హిందూపురంలో ప్రకటించారు. ఆ సభలో నేను మూడో వరుసలో కూర్చున్నాను. చప్పట్లు గట్టిగా కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎందుకు కొట్టకూడదు? పెనుకొండలోని నా జిరాక్స్ షాపును ఆ మహత్తర పథకానికి 'ప్రవేశ ద్వారం'గా గుర్తించి బోర్డు కూడా వాళ్లే ఇచ్చారు. బోర్డు నా షాపుకంటే ఒక అడుగు వెడల్పు ఎక్కువ. పక్కనున్న టీకొట్టాయన ఆ అడుగును తన గోడ మీద మోయడానికి పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

పథకం పేరు 'సత్వర నివేదిక'. కనిపెట్టినవారు ప్రాజెక్ట్ డైరెక్టర్ లక్ష్మీకాంత్ గారు. ఆయన మేధావి అనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆయన చెప్పేది ఆయన కింద పనిచేసేవాళ్లలో ఒక్కరికీ అర్థం కాదు. శిక్షణ రోజున నాలాంటి షాపులవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆయన ఇలా వివరించారు.

"ఎక్స్ఎంఎల్ అంటే భయపడకండి. ప్రతి విషయానికీ ముందొక పేరు చీటీ, వెనకొక పేరు చీటీ. అంతే! అట్లా చీటీలు కట్టిన రిపోర్టు మన ప్రాసెసింగ్ పైప్‌లైన్‌లో పడుతుంది. మొదటి దశ ధర్మవరంలో సేకరణ. రెండో దశ పెనుకొండలో ధ్రువీకరణ. మూడో దశ హిందూపురంలో రూపాంతరం. అక్కడినుంచి వెబ్ సర్వీసు దాన్ని నేరుగా మంత్రిగారి ట్యాబ్‌లో అందిస్తుంది."

"రూపాంతరం అంటే ఏంది సార్?" అని నేను లేచి అడిగాను.

"మంత్రిగారు చదవడానికి వీలుగా మార్చడం."

"ఏవి మారుస్తారు సార్?"

"వీలుగా లేనివి," అన్నారాయన.

మూడు సెకన్లు అన్నది హిందూపురం నుంచి మంత్రిగారి ట్యాబ్‌దాకా పట్టే సమయమని తర్వాత తెలిసింది. మొదటి రెండు దశల్లో మనుషులు ఉంటారు కాబట్టి ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోలేదట. న్యాయమే కదా, మనుషుల ఆలస్యానికి కంప్యూటర్‌ను తప్పుపట్టడం బాగుండదు.

రెండో దశ ఆఫీసు సరిగ్గా నా షాపుకు ఎదురుగా, రోడ్డుకు అవతల. అందులో ధ్రువీకరణ అధికారి డాక్టర్ ప్రమోద గారు. ఆవిడ పశువుల డాక్టరు. పశువుల రిపోర్టులు పశువుల డాక్టరుకే బాగా అర్థమవుతాయి గనక ఆవిడను పశువుల దగ్గరనుంచి లాక్కొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆవిడ కుర్చీ వెనకాలే ఫ్రిజ్జు. ఫ్రిజ్జు నిండా గొర్రెల టీకా మందు. తాళంచెవి ఆవిడ సొరుగులోనే ఉంటుంది. కానీ వెబ్ సర్వీసు నుంచి ఆర్డరు రాకుండా ఒక్క సీసా బయటికి తీసినా ఉద్యోగం ఉండదని ఫ్రిజ్జు తలుపు మీద కాగితం అంటించారు. ఆ కాగితం ప్రింటు తీసింది నేనే. లామినేషన్ కూడా నాదే, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఈసారి మావైపు వానలు బాగా పడ్డాయి. పడ్డాయని సంతోషపడేలోపే గొర్రెలకు మూతివాపు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే రొద్దం అవతలి పల్లెనుంచి సోమక్క వచ్చి నా షాపు ముందు నిలబడింది. భుజాన గొంగడి, చేతిలో కట్టె, కాళ్లకు మోకాళ్లదాకా బురద.

"ఏమప్పా మారుతీ, గొర్రెలకు మూతులు వాచినాయి. జొల్లు కారుస్తాండాయి. నాలుకలు నీలం తిరిగినాయి. రెండు సచ్చిపోయినాయి. మాకు సూదులేసే డాక్టరమ్మ యాడుండాదో చెప్పు."

"ఎదురుగానే ఉండాదక్కా."

సోమక్క రోడ్డు దాటింది. రెండు నిమిషాల్లో మళ్లీ రోడ్డు దాటింది.

"ఏందో రిపోర్టు కావాలంట. అది నీ దగ్గర రాయించుకోవల్లంట. ఈడ రాయిస్తే ధర్మవరం పోయి మళ్లా ఆయమ్మ దగ్గరికే వస్తాదంట. ముప్పై అడుగులు లేదు కదప్పా, నేనే తీసకపోయి ఇస్తే కాదా?"

"నువ్వు తీసుకుపోతే అది వెబ్ సర్వీసు ఎట్లయితాదక్కా?" అన్నాను. అంత పెద్ద విషయాన్ని అంత సులువుగా చెప్పగలిగినందుకు నాకే ముచ్చటేసింది.

కంప్యూటర్‌లో ఫారం తెరిచాను. పేరు, ఊరు, పశువు, రోగం, అన్నీ టకటకా కొట్టేశాను. తర్వాతి గడి సంఖ్య.

"ఎన్ని గొర్రెలుండాయక్కా?"

సోమక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేనేదో బూతు మాట అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చదువుకున్నోనివి, నీకు బుద్ధుండాదా? మందను ఎవరన్నా లెక్కపెడతారా?"

"మరి సాయంత్రం అన్నీ ఇల్లు చేరినాయో లేదో ఎట్ల తెలుస్తాది?"

"ఏది రాలేదో సూస్తాను. కొమ్మిరిగింది వచ్చిందా, చెవులు లేంది వచ్చిందా, కుంటిది వచ్చిందా అని మొగం మొగం సూస్తాను. మా నాయన లెక్కపెట్టలేదు, మా అవ్వ లెక్కపెట్టలేదు. నోటితో లెక్క చెప్పినామంటే ఆ మంద నిలబడదప్పా."

సరే అని ఆ గడి ఖాళీగా వదిలి పంపించాను. రిపోర్టు ధర్మవరం పోయింది. అక్కడ ఆరు రోజులు విశ్రాంతి తీసుకుని, 'సంఖ్య లేని పశువు చెల్లదు' అన్న మాటతో తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆ ఆరు రోజుల్లో సోమక్క మందలో ఇంకో పదకొండు పోయాయి.

ఇట్లా కాదని ఈసారి నేనే ఒక ఉపాయం చేశాను. సోమక్కకు చెప్పకుండా సంఖ్య గడిలో వంద అని కొట్టి పంపాను. మంచిపనే అనుకున్నాను. కానీ లక్ష్మీకాంత్ గారు నాకంటే తెలివైనవారు. ధర్మవరం నుంచి సోమక్క ఫోనుకు రికార్డు గొంతు వచ్చింది: "మీ మందలో వంద గొర్రెలు ఉన్నాయని మీరు చెప్పారా? అవును అయితే ఒకటి నొక్కండి. కాదు అయితే రెండు నొక్కండి."

సోమక్క రెండు నొక్కింది. అంతటితో ఊరుకోకుండా ఆ రికార్డు గొంతును పావుగంట తిట్టి, బస్సెక్కి వచ్చి నన్నూ తిట్టింది.

"నా మంద మీద నువ్వు లెక్క చెప్తావా? నీ నోరు పడిపోను! నీకేం పాపం చేసినానప్పా నేను?"

తప్పుడు సమాచారం ఇచ్చిన నేరానికి పది రోజులు సోమక్క పేరు పైప్‌లైన్‌లోకి రాకుండా నిషేధం పడింది. ఆ మాట చెప్పగానే ఆవిడ తిట్టడం ఆపేసింది. మెల్లగా రోడ్డు దాటి, ప్రమోదగారి బల్ల ముందు నేల మీద కూర్చుంది. సంగతి ఏమవుతుందోనని నేనూ వెనకే వెళ్లాను.

"డాక్టరమ్మా, ఆ ఫ్రిజ్జులోనే గదా మందుండేది? నాకు కనపడతాండాది."

"నాకూ కనపడతాండాది సోమక్కా."

"నువ్వు నా మాట నమ్మవా?"

"నేను నమ్మినా. నీ గొర్రెల్ని నేను సూడకనే నమ్మినా. ఈ మిషన్ నమ్మల్ల కదా," అని ప్రమోదగారు లేచి ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. ప్రభుత్వ నియమాలను అంత నిష్ఠగా పాటించే అధికారిణి మా పెనుకొండలో ఉండటం మా అదృష్టం. ఆ రోజు మాత్రం ఆ అదృష్టాన్ని చూసి నాకు ఒళ్లు మండింది, ఎందుకో తెలియదు.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు సోమక్క వచ్చింది. ఈసారి కట్టె లేదు, గొంగడి లేదు. మెట్టు మీద కూర్చుని నీళ్లడిగింది. తాగి, చెంబు పక్కన పెట్టి, "నలభై ఒకటి," అంది.

"ఏందక్కా?"

"నలభై ఒకటి. రాసుకో."

"లెక్క చెప్పకూడదంటివే?"

"బతికుండేవాటిని చెప్పకూడదు. ఇవి గుంతలో ఉండేవి. నేనే పూడ్చినాను ఒకోదాన్ని. వీటికి ఇంకేం దిష్టి తగుల్తాది?"

నేను ఫారం తెరిచాను. ఫారంలో పశువుల సంఖ్యకు ఒకే గడి ఉంది. బతికినవాటికి వేరు, చచ్చినవాటికి వేరు అని లేవు. సంఖ్య: నలభై ఒకటి. దాని కింద స్థితి: మృతి. రోగం: మూతివాపు. వినతి: మిగిలినవాటికి వెంటనే టీకా. అట్లా అన్నిటికీ ముందొక చీటీ, వెనకొక చీటీ కట్టి పంపాను. ధర్మవరం నుంచి ఫోను మోగితే సోమక్క ఒకటి నొక్కింది. రిపోర్టు పెనుకొండ చేరిన నిమిషంలో ప్రమోదగారు ధ్రువీకరించారు. సాయంత్రానికి హిందూపురం చేరింది.

హిందూపురంలో పండగ చేసుకున్నారని చెబితే మీరు నమ్మరు. పథకం మొదలైనప్పటినుంచి మూడో దశదాకా ప్రాణాలతో వచ్చిన మొదటి రిపోర్టు ఇదేనట. లక్ష్మీకాంత్ గారు రూపాంతరాన్ని స్వయంగా పర్యవేక్షించారు. 'మృతి' అన్న గడి మంత్రిగారి ట్యాబ్‌లో ఎరుపు రంగులో కనబడుతుంది. మంత్రిగారికి ఈ ఏడాది ఎరుపు అచ్చిరాదని జ్యోతిష్కులు చెప్పారు. అందుకని ఆ గడి తీసేశారు. 'రోగం' అన్న గడి పక్కశాఖకు సంబంధించినది, ఇతరుల పనిలో తలదూర్చకూడదని దాన్నీ తీసేశారు. రోగమే లేనప్పుడు వినతి దేనికి? అదీ పోయింది. 'పశువులు ఎవరిచ్చారు' అన్న గడిని నేను ఖాళీగా వదిలాను. ఖాళీగా ఉన్నచోట 'ప్రభుత్వం' అని దానంతట అదే నిండేలా ఆయన ముందే ఏర్పాటు చేసి ఉంచారు. అన్నీ అయ్యాక మంత్రిగారి ట్యాబ్‌లోకి చేరినది ఇది: సోమక్క. రొద్దం ప్రాంతం. గొర్రెలు నలభై ఒకటి. ఇచ్చినది ప్రభుత్వం.

మరుసటి వారమే హిందూపురంలో సభ, నాకు మళ్లీ మూడో వరుసే. సోమక్కను జీపులో తీసుకొచ్చారు. సూది వేయిస్తారనుకుని ఆవిడ సంతోషంగానే ఎక్కింది. వేదిక మీద ధర్మవరం పట్టుచీర కప్పి, 'ఆదర్శ గొర్రెల పెంపకందారు' అన్న జ్ఞాపిక చేతికిచ్చారు. వెనక పెద్ద తెర మీద నలభై ఒకటి అన్న అంకె గుమ్మడికాయంత కనిపిస్తోంది. మంత్రిగారు ట్యాబ్ పట్టుకుని మైకులో అడిగారు.

"అమ్మా, మేమిచ్చిన నలభై ఒక్క గొర్రెలు ఎట్లున్నాయో ఈ సోదరులకు చెప్పమ్మా!"

"సచ్చిపోయినాయి సారూ. మిగిలినవాటికన్నా సూది ఏయించండి సారూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

మంత్రిగారు ట్యాబ్‌లోకి చూశారు. పైనుంచి కిందకి వేలితో జరిపి చూశారు. లక్ష్మీకాంత్ గారివైపు తిరిగారు.

"ఇందులో అట్ల లేదే?"

"ఉండదు సార్."

"అయితే సరే," అని మంత్రిగారు నిశ్చింతగా మైకు అందుకుని, టెక్నాలజీ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. సోమక్క పట్టుచీర కప్పుకుని అంతసేపూ నిలబడే ఉంది.

ఆదివారం ప్రమోదగారు నా షాపుకొచ్చారు. "నీ బండి తీయి మారుతీ. సోమక్క ఊరికి పోదాం. ఫోన్‌లోనే రిపోర్టు అప్‌డేట్ చేసే సౌకర్యం వచ్చిందంట. రోగం గడి మళ్లీ పెడతా, ఎట్ల తీసేస్తారో చూస్తా," అన్నారు. సెలవు రోజున కూడా ప్రభుత్వ సేవ చేసే మనిషిని కాదనలేక బండి తీశాను. ఫ్రిజ్జు మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది.

సోమక్క దొడ్డి ఇంత ఖాళీగా ఉంటుందని నేననుకోలేదు. కంపచెట్ల కంచె ఒక మూలన కొన్ని గొర్రెలు ముడుచుకుని ఉన్నాయి. వాటిలో ఒక పిల్ల మూతి వాచి, తల వేలాడేసుకుంది. ప్రమోదగారు ఫోన్ తెరిచి అన్నీ నింపారు. ఆఖరుకు అది అడిగింది: ప్రస్తుత సంఖ్య?

ప్రమోదగారు తలెత్తి సోమక్కవైపు చూశారు. ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. సోమక్కకు అర్థమైంది. చాలాసేపు ఆ పిల్లనే చూసింది.

"చెప్తే ఏస్తారా డాక్టరమ్మా? నిజంగా ఏస్తారా?"

"వస్తుందక్కా ఆర్డరు. రావల్ల."

సోమక్క చెప్పులు విడిచింది. కంచె లోపలికి పోయి, ఒక్కొక్క గొర్రె తల మీద చెయ్యి పెట్టి, గట్టిగా, నలుగురికీ వినబడేలా లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఏడు దగ్గర ఆగింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. తొమ్మిది దగ్గర అయిపోయాయి. నేను అటువైపు తిరిగి బండి అద్దం తుడిచాను.

ప్రమోదగారు తొమ్మిది అని కొట్టి పంపారు. ఫోన్ వెంటనే మోగింది. ఆవిడ చదివి, మళ్లీ చదివి, నాకిచ్చారు. 'లబ్ధిదారు వద్ద ప్రభుత్వ గొర్రెలు నలభై ఒకటికి గాను తొమ్మిది. లోటు ముప్పై రెండు. అక్రమ విక్రయం అనుమానం. నివేదిక పోలీసువారికి అందించబడింది.' అక్రమాల రిపోర్టుకు సేకరణ, ధ్రువీకరణ, రూపాంతరం అవసరం లేదని, నేరుగా వెబ్ సర్వీసులోకి పోతుందని అప్పుడే తెలిసింది. ఎంత ముందుచూపు! గంట తిరక్కుండా పోలీసు జీపు వచ్చింది. సోమక్కను సభకు తీసుకుపోయిన జీపు తప్ప నెల్లాళ్లుగా ఏ ప్రభుత్వ వాహనమూ రాని ఊరికి అది రావడం చూసి జనం బయటికి వచ్చారు.

ఎస్సై హరికృష్ణగారు దిగారు. "ముప్పై రెండు ప్రభుత్వ గొర్రెలు ఎవరికమ్మినావు?"

"అమ్మలేదు సారూ. ఆ గుంతలో ఉండాయి. నలభై ఒకటి."

ఎస్సైగారు వేళ్ల మీద లెక్క వేశారు. "నీకిచ్చింది నలభై ఒకటి. అందులో తొమ్మిది ఈడ నిలబడినాయి. గుంతలో నలభై ఒకటి ఎట్లుంటాయి? తొమ్మిది ఎక్కువ చెప్తాండావే?"

"ఎక్కువ కాదు సారూ. సచ్చినవే నలభై ఒకటి."

"సచ్చినట్ల రిపోర్టులో లేదు కదమ్మా!" ఆయన కోప్పడలేదు. అర్థమయ్యేలా, ఓపిగ్గానే చెప్పారు. "అవి సచ్చింటే వేరే విషయం."

"సార్, నేను డాక్టర్ని, నేను చెప్తున్నా..." అని ప్రమోదగారు ముందుకొచ్చారు.

"మీరు ధ్రువీకరించింది కూడా నలభై ఒకటే మేడమ్. నా దగ్గర ఉంది."

మిగిలిన తొమ్మిదింటినీ సాక్ష్యంగా జప్తు చేశారు. గూడ్సు ఆటోలో ఎక్కిస్తుంటే సోమక్క ఆ జబ్బు పిల్లను ఎవరికీ ఇవ్వలేదు, తానే ఎత్తుకుని ఆటోలో కూర్చుంది. పెనుకొండ చేరాక స్టేషన్ ఆవరణలో దింపారు. అప్పుడు ఎస్సైగారు ఒక పాత బౌండు పుస్తకం తీసి, జప్తు చేసిన పశువుల గురించి ఏం చేయాలో చదివారు. అదే రోజు డాక్టరు చేత చూపించి, టీకా వేయించి, సాక్ష్యాన్ని సజీవంగా కాపాడాలట. ఆ నియమం చాలా పాతది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన ఒక తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి, పక్కనే నిలబడిన ప్రమోదగారి చేతికిచ్చారు.

ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివారు. పోలీసు ఉత్తర్వును కాదనాలని ఫ్రిజ్జు మీది లామినేషన్‌లో ఎక్కడా లేదు. డాక్టరమ్మ రోడ్డు మీద పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. సీసాలతో, సూదులతో తిరిగొచ్చారు. జబ్బు పిల్లకు మందు, తక్కినవాటికి టీకా. పావుగంటలో అయిపోయింది. మొదటి ముద్దాయి సోమక్క గోడకానుకుని కూర్చుని ప్రతి సూదినీ చూసింది.

"ఏమక్కా, నీ మీద కేసు రాస్తాండారు, తెలుసునా?" అన్నాను.

"రాసుకోనీలే అప్పా. ఎన్ని పేజీలన్నా రాసుకోనీ. సూది పడింది గదా!" అని ఆవిడ ఏడుస్తూ నవ్వింది.

సోమవారం పొద్దున షాపు తెరిచేటప్పటికి రోడ్డు కనబడలేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా గొర్రెలే. రొద్దం వైపునుంచి ఇంకా వస్తున్నాయి. బస్సులు నిలిచిపోయాయి. ఆ మందలన్నీ స్టేషన్ గేటు దగ్గర వరుసకట్టాయి, ప్రతి మంద ముందూ ఒక కాపరి చేతులు జోడించి నిలబడ్డాడు. అందరికంటే ముందున్నవాడు పోతులయ్య, సోమక్క పక్కింటాయన. ఎస్సైగారు బనియన్ మీద చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చారు.

"ఏందిరా ఇది? ఏం కావల్ల మీకు?"

"నేనూ అమ్మేసినాను సార్."

"ఏం అమ్మినావు?"

"ఏం అమ్మితే మందను పట్టుకపోతారో అదే అమ్మినాను సార్. నేను దొంగనే, ఈ వెనకుండేవాళ్లంతా దొంగలే. బిరీన పట్టుకోండి సార్, ఆ నల్లది నిలబడలేకపోతాండాది!"

ఎస్సైగారు వరుస చివరికి చూడటానికి మెట్టెక్కారు. కాసేపు చూసి దిగి, తెల్ల కాగితాల కోసం నా షాపుకు మనిషిని పంపించారు.